ఐసు కరిగినా గ్లాసులో నీళ్లు పెరగలేదు, మరి సముద్రం ఎందుకు పెరుగుతోంది?

బ్రాడీపేట సైన్స్

అందరికీ నమస్కారం. గుంటూరులో తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్ ఎగ్జిబిషన్‌లో "ధ్రువాల మంచు, సముద్ర మట్టం, సముద్ర ప్రవాహాలు" అని ఒక బల్ల పెడుతున్నారు. ప్రయోగం దగ్గరే బండి ఆగింది.

చేసింది ఇది. 8 సెం.మీ. వ్యాసం ఉన్న గాజు జాడీ, అర లీటరు కుళాయి నీళ్లు (30 డిగ్రీలు), 100 గ్రాముల ఐసు ముక్కలు, బయట మార్కర్ గీత. ఐసంతా కరిగాక నీరు గీత కంటే అర మిల్లీమీటరు కిందికి దిగింది. లీటరుకి 35 గ్రాముల ఉప్పు కలిపి మళ్లీ చేస్తే గీత దగ్గరే నిలబడింది. "అయితే మంచు కరిగితే సముద్రం తగ్గుద్దా మేడమ్?" అంటున్నారు.

నాలుగు సందేహాలు. ప్రయోగంలో తప్పెక్కడ? మంచు ఎంత కరిగితే సముద్రం ఎంత పెరుగుతుందో పిల్లలకి తెలిసిన కొలతల్లో ఎలా చెప్పాలి? (గిగాటన్నులంటే మొహమొహాలు చూసుకుంటున్నారు.) "మంచినీళ్లు కలిస్తే గల్ఫ్ స్ట్రీమ్ ఆగిపోతుంది" అని (అట్లాంటిక్‌లో అమెరికా తీరం పక్కన పారే వెచ్చని ప్రవాహం) ఒక చార్టు రాశారు, ఉంచాలా తీసేయాలా? చివరిది, సముద్రం ముంచేస్తుందంటూ విజయవాడ బందరు రోడ్డు మీదాకా నీలం రంగు పూసిన మ్యాపు ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. బల్ల మధ్యలో దాన్నే పెడదామని పిల్లల పట్టు.

పిపెట్

మేడమ్, మీ కొలత సరిగ్గానే ఉంది. తేలే మంచు తన బరువుకి సమానమైన నీటిని ముందే పక్కకి నెట్టేసి కూర్చుంటుంది. కరిగాక ఆ చోటునే నింపుతుంది. కాబట్టి పెరగకపోవడం న్యాయమే. తగ్గడానికి కారణం మంచు కాదు, చలి. అర లీటరు నీళ్లు 30 డిగ్రీల దగ్గర మొదలై, 100 గ్రాముల ఐసు కరిగేసరికి 12 డిగ్రీల దాకా దిగుతాయి. ఆ దెబ్బకి నీళ్లు 0.4 శాతం ముడుచుకుంటాయి, అంటే 2 మి.లీ. మీ జాడీ వైశాల్యం 50 చదరపు సెం.మీ. కాబట్టి 2 మి.లీ. అంటే 0.4 మి.మీ. మీకు కనిపించిన తరుగులో చాలావరకు అదే.

ఉప్పునీటిలో ఇంకో తమాషా జరిగింది. ఉప్పునీరు బరువు గనక 100 గ్రాముల ఐసు అందులో తేలడానికి 98 మి.లీ. నీటిని నెడితే చాలు. కరిగాక వచ్చేది మాత్రం 100 మి.లీ. మంచినీరు. అంటే 2 మి.లీ. పెరగాలి. అదే సమయంలో చలికి 2 మి.లీ. పైచిలుకు ముడుచుకుంది. రెండూ చెల్లుకు చెల్లు అయిపోయి గీత కదల్లేదు.

విడదీసి చూడాలంటే నీటిని ముందే చల్లబరచాలి. ఉప్పునీటిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి 5 డిగ్రీలకి తెచ్చి, ఐసు వేశాక కూడా ఫ్రిజ్‌లోనే వదిలేయండి. కరగడానికి ఒక రాత్రి పడుతుంది, ఒక్కోసారి మర్నాడు మధ్యాహ్నం దాకా. మార్కర్ గీతతో ఇది తేలదు, గీత మందమే అర మిల్లీమీటరు. గిన్నె మీద అడ్డంగా ఒక స్కేలు టేపుతో బిగించి, దానికి గుండుసూదిని మొన కిందికి వచ్చేలా అంటించండి. ఐసు వేశాక మొన నీటి పొరని అప్పుడే తాకేలా నీళ్లు సర్దండి. కరిగాక మొన మునిగి ఉంటే 5 మి.లీ. సిరంజితో కొంచెం కొంచెంగా లాగుతూ, మొన నీటిని వదిలే క్షణంలో ఆపండి. సిరంజిలో ఉన్నదే పెరుగుదల. రెండున్నర మి.లీ. చుట్టుపక్కల రావాలి. గిన్నెకి ప్లాస్టిక్ కవరు కప్పడం మర్చిపోవద్దు. మన ఊరి గాలిలో చెమ్మ చల్లటి నీటి మీదకి చేరి అదే కొలతలో కలిసిపోతుంది.

ఇంత చెప్పినా, దీన్ని ఎగ్జిబిషన్ రోజున ప్రత్యక్షంగా చూపించొద్దంటాను. జనం ముందు చూపాల్సింది నేల మీది మంచు. అడుగు సమంగా ఉండి, లోపలి వ్యాసం 11.3 సెం.మీ. ఉన్న డబ్బా దొరికితే దాని వైశాల్యం సరిగ్గా 100 చదరపు సెం.మీ. అవుతుంది. అందులో ఒక రాయి, రాయి నెత్తి నీటికి పైన ఉండేలా. దాని మీద 100 గ్రాముల ఐసు. కరిగితే నీరు సెంటీమీటరు పెరుగుతుంది, వెనక బెంచీ వాళ్లకి కూడా కనిపిస్తుంది. పక్కనే అలాంటిదే ఇంకో డబ్బా, అందులో ఐసు నీటిలో తేలుతూ. ఆ రెండు డబ్బాలే గ్రీన్‌లాండ్, ఆర్కిటిక్ సముద్రం. జాగ్రత్త ఒక్కటే: తేలే ముక్క అడుగుని తాకకూడదు. తాకిందంటే అది తేలుతున్నట్టు కాదు, నిలబడినట్టు. 5 సెం.మీ. లోతు ఉంచండి.

టీఎంసీ లెక్క

రెండో ప్రశ్నకి. కృష్ణా ఒడ్డున ఉండి గిగాటన్నులు ఎందుకండీ, టీఎంసీల్లోకి మార్చేయండి.

గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. నీళ్లయితే ఒక ఘన కిలోమీటరు, 35.3 టీఎంసీ. ప్రపంచ సముద్రాల విస్తీర్ణం సుమారు 36.2 కోట్ల చదరపు కిలోమీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు మందాన నీరు పరచడానికి 362 ఘన కిలోమీటర్లు కావాలి. అది దాదాపు 12,800 టీఎంసీ. నాగార్జునసాగర్ ఇప్పటి పూర్తి నిల్వ 312 టీఎంసీ. నలభై ఒక్క సాగర్లు సముద్రంలో కుమ్మరిస్తే పెరిగేది ఒక్క మిల్లీమీటరు.

ఇక కరుగుతున్నది ఎంత? 2002లో పంపిన గ్రేస్ ఉపగ్రహాల జంట, 2018 నుంచి దాని వారసులు, భూమి ఆకర్షణలో వచ్చే మార్పుని పట్టి మంచుని తూకం వేస్తున్నాయి. వాటి లెక్కన గ్రీన్‌లాండ్ ఏటా సగటున 270 గిగాటన్నులు, అంటార్కిటికా దాదాపు 150 గిగాటన్నులు పోగొట్టుకుంటున్నాయి. మన భాషలో ఏడాదికి 30 సాగర్లు ఒకటి, 17 సాగర్లు ఇంకొకటి. ఇవి నికర నష్టాలు. కురిసిన హిమం జమ, కరిగింది, విరిగి పడింది ఖర్చు, తేడా ఇది.

పిల్లల చార్టులో తప్పకుండా రాయాల్సిన సంగతి ఒకటుంది, అందరూ వదిలేసేది. సముద్రం పెరగడానికి కారణం మంచు ఒక్కటే కాదు, వేడికి నీరు ఉబ్బడం కూడా. విడివిడిగా చూస్తే అన్నిటికంటే పెద్ద వాటా దానిదే, మంచు వాటాలన్నీ కలిపితే మాత్రం మంచుదే ఎక్కువ. 2006–2018 మధ్య ఏడాదికి సగటున ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం) ఇచ్చిన పద్దు: నీరు ఉబ్బడం 1.39 మి.మీ., గ్రీన్‌లాండ్ 0.63, కొండల మీది హిమానీనదాలు 0.62, భూగర్భ జలాలు తోడి చివరికి సముద్రంలో కలపడం వంటివి 0.60, అంటార్కిటికా 0.37. అన్నీ కలిపితే 3.6 చిల్లర, ఉపగ్రహాలు కొలిచింది 3.7. పైన చెప్పిన 270 గిగాటన్నులకి 0.75 మి.మీ. రావాలి కదా, ఇక్కడ 0.63 ఏంటని తెలివైన పిల్లాడు అడుగుతాడు. లెక్క కట్టిన ఏళ్లు వేరు, పద్ధతులు వేరు.

వేడికి ఉబ్బడాన్ని చూపాలంటే చిన్న సీసా నిండా రంగు నీళ్లు పోసి, మూతకి చిల్లు పెట్టి సన్నటి స్ట్రా దూర్చి, చుట్టూ ఎంసీల్‌తో మూసేయండి. వేడినీళ్ల గిన్నెలో పెడితే స్ట్రాలో నీరు ఎక్కుతుంది. లోపల గాలి బుడగ మిగిలితే ప్రయోగం చెడుతుంది, నీటికంటే గాలి చాలా ఎక్కువ ఉబ్బుతుంది.

ఇప్పటిదాకా పెరిగింది: 1901 నుంచి 2018 వరకు 20 సెం.మీ. ఇక ముందు, 1995–2014 సగటుతో పోల్చి 2100కి, ఉద్గారాలు బాగా తగ్గిస్తే 32 నుంచి 62 సెం.మీ., అసలు తగ్గించకపోతే 63 నుంచి 101 సెం.మీ. మొత్తం నిల్వ ఎంతంటే, గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే 7.4 మీటర్లు, అంటార్కిటికాది అంతా కరిగితే 58 మీటర్లు. అంతా అంటే వేల ఏళ్ల మాట.

ఈ నీరు అన్నిచోట్లా సమానంగా పంచుకోదు. గ్రీన్‌లాండ్ మీది మంచు ఎంత బరువంటే చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపుకి లాక్కుని ఉంచుకుంటుంది. కరిగినకొద్దీ ఆ పట్టు సడలి, చుట్టూ సుమారు 2,000 కి.మీ. లోపల సముద్రం పెరగకపోగా తగ్గుతుంది. అక్కడ తగ్గింది దూరపు తీరాలకి పోతుంది. బంగాళాఖాతం రెండు ధ్రువాలకీ దూరమే. కాబట్టి ఏ ధ్రువం కరిగినా మన వాటా ప్రపంచ సగటుకి ఏమాత్రం తగ్గదు, ఒక పిసరు ఎక్కువే పడుతుంది.

మంగళగిరి కుర్రాడు

పిపెట్ మాస్టారూ, అయితే తేలే ఐసు ఎంత కరిగినా మనకి నష్టం లేదన్నట్టేగా? మరి వార్తల్లో ఆర్కిటిక్ ఐసు గురించి అంత గోల ఎందుకు?

మంచుగీత

నీటి మట్టం వరకే నష్టం లేదు తమ్ముడూ. హిమం కప్పిన మంచు మీద పడ్డ ఎండలో 80 శాతం పైగా తిరిగి వెనక్కి పోతుంది. మంచు పోయి నల్లటి నీరు బయటపడితే 90 శాతం పైగా ఆ నీరే తాగేస్తుంది. ఆ వేడి పక్కనున్న గ్రీన్‌లాండ్‌కీ తగులుతుంది.

అంటార్కిటికా సంగతి వేరే. అక్కడ నేల మీది మంచు జారుతూ వచ్చి సముద్రం మీదకి చూరులా చాచుకుని తేలుతుంది. ఆ తేలే చూరు కరిగితే మట్టం పెరగదు, నిజమే. కానీ అది వెనకనున్న మంచుకి తలుపు గొళ్లెం లాంటిది. 2002 ఫిబ్రవరి–మార్చిలో లార్సెన్–బి అనే చూరు, 3,250 చదరపు కి.మీ., కొన్ని వారాల్లో ముక్కలైపోయింది. దాని వెనకున్న హిమానీనదాలు ఆ తర్వాత కొన్ని రెట్లు వేగంగా సముద్రంలోకి జారాయి.

ప్రమాదం ఎక్కడంటే, మంచు నేలని వదిలి తేలడం మొదలయ్యే గీత దగ్గర. పడమటి అంటార్కిటికాలో చాలాచోట్ల మంచు కింది నేల సముద్ర మట్టానికి దిగువన ఉంది, అదీ లోపలికి పోయేకొద్దీ ఇంకా పల్లం. గీత ఒకసారి వెనక్కి జరిగితే ముందుకంటే మందమైన మంచు నీటికి ఎదురవుతుంది, ఎక్కువ మంచు బయటికి పారుతుంది, గీత ఇంకా వెనక్కి పోతుంది. దాన్ని తొలిచేది ఒక డిగ్రీ చుట్టుపక్కల ఉండే లోతు నీరు. ఒక డిగ్రీ వేడేంటని నవ్వొద్దు. ఉప్పునీరు గడ్డకట్టేది మైనస్ 1.8 దగ్గర, పైగా ఒత్తిడి వల్ల ప్రతి కిలోమీటరు లోతుకి మంచు కరిగే బిందువు ఇంకో 0.75 డిగ్రీ దిగుతుంది. కిలోమీటరు లోతున ఉన్న మంచుకి ఆ నీరు మూడున్నర డిగ్రీలు ఎక్కువ వేడి. పడమటి అంటార్కిటికాలోని త్వైట్స్ హిమానీనదం ఒక్కటే మొత్తం పోతే ప్రపంచ మట్టం 65 సెం.మీ. పెరుగుతుంది.

లోతునీరు

మూడో ప్రశ్న. ఆ చార్టు తీసేయమని చెప్పను గానీ, పేరు మార్చాలి. గల్ఫ్ స్ట్రీమ్‌ని తోసేది ప్రధానంగా గాలి. గాలులు వీస్తూ భూమి తిరుగుతున్నంతకాలం అది ఆగదు. బలహీనపడేది అట్లాంటిక్ నిలువు ప్రసరణ, శాస్త్రజ్ఞులు ఆమాక్ అంటారు. వెచ్చని ఉప్పునీరు పైన ఉత్తరానికి వెళ్లి, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ చుట్టుపక్కల చల్లబడి బరువెక్కి, కిలోమీటర్ల లోతుకి మునిగి, అడుగునే దక్షిణానికి తిరిగొచ్చే చక్రం. మునగడమే అందులో కీలకం.

2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట తాళ్లకి కట్టిన పరికరాలతో దాన్ని కొలుస్తున్నారు. సగటున 17 స్వెర్డ్రప్‌లు. స్వెర్డ్రప్ అంటే సెకనుకి పది లక్షల ఘన మీటర్లు, 353 లక్షల క్యూసెక్కులు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు వరద 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది కదా, అలాంటి వరదలు 525 పక్కపక్కన పారితే ఆమాక్.

అంత ప్రవాహాన్ని గ్రీన్‌లాండ్ కరుగు నీరు ఏం చేస్తుంది? 270 గిగాటన్నులని ఏడాది పొడవునా సమంగా పంచితే మూడు లక్షల క్యూసెక్కులు. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షలకి, దానికంటే కొంచెం తక్కువన్నమాట, కాకపోతే 365 రోజులూ. పరిమాణంలో ఆమాక్ ముందు ఇది రెండు వేల వంతు. కానీ పని చేసేది పరిమాణం కాదు, బరువు. లెక్క చూడండి. కిలోకి 35 గ్రాముల ఉప్పున్న నీరు 8 డిగ్రీల దగ్గర ఘన మీటరుకి 1027.3 కిలోలు. దాన్ని 2 డిగ్రీలకి చల్లబరిస్తే 1028.0. ఉప్పు ఒక్క గ్రాము తగ్గించి 34 చేస్తే, అదే 2 డిగ్రీల దగ్గర 1027.2. అంటే ఆరు డిగ్రీల చలి ఇచ్చిన బరువుని ఒక్క గ్రాము ఉప్పు లోటు పూర్తిగా తినేసింది. ఆ నీరు ఎంత చలేసినా మునగదు, పైన మూతలా పరుచుకుంటుంది.

మునగడం తగ్గితే దక్షిణం నుంచి వచ్చే ఉప్పునీరూ తగ్గుతుంది, దాంతో ఉత్తరాన ఉప్పదనం ఇంకా పడిపోతుంది. తనని తాను పెంచుకునే ఈ గొలుసుని సముద్ర శాస్త్రవేత్త స్టామెల్ 1961లోనే రెండు పెట్టెల నమూనాతో లెక్కగట్టాడు. ఈ శతాబ్దంలో ఆమాక్ బలహీనపడటం దాదాపు ఖాయమని ఐపీసీసీ అంటోంది. 2100 లోపు ఉన్నట్టుండి కుప్పకూలదని మాత్రం ఒక మోస్తరు నమ్మకంతోనే చెప్పింది. 2023లో ఒక గణాంక పరిశోధన ఈ శతాబ్దం మధ్యలోనే కూలొచ్చంది, దాని మీద వాదన తెగలేదు. చార్టు మీద "ఆగిపోతుంది" బదులు "బలహీనపడుతుంది" అని రాయించండి.

ప్రవాహానికీ మట్టానికీ లంకె కూడా ఉంది. 2009–10లో ఆమాక్ ఏడాదిపాటు 30 శాతం తగ్గినప్పుడు న్యూయార్క్‌కి ఉత్తరాన అమెరికా తీరంలో సముద్రం 10 సెం.మీ. పైగా పెరిగింది. ఒక్క గడ్డ మంచు కరగనక్కర్లేకుండా. మనకి తగిలేది ఇంకో దారిలో: ఉత్తరార్ధగోళం చల్లబడితే ఉష్ణమండల వానల పట్టీ దక్షిణానికి జరుగుతుంది. 12,900 నుంచి 11,700 ఏళ్ల మధ్య అట్లాంటిక్ ప్రసరణ బాగా నీరసించిన కాలంలో భారత రుతుపవనాలు బలహీనంగా ఉన్నట్టు గుహల్లోని సున్నపు స్తంభాలు, అరేబియా సముద్రపు అడుగు మట్టి చెబుతున్నాయి. కృష్ణకి నీళ్లిచ్చేది సహ్యాద్రి మీది ఆ వానే.

బల్ల మీద చూపడానికి: 60 సెం.మీ. పొడవున్న పారదర్శక ప్లాస్టిక్ పెట్టెలు రెండు, చేపల తొట్టైనా సరే. ఒకదాంట్లో మామూలు నీళ్లు, రెండోదాంట్లో లీటరుకి 35 గ్రాముల ఉప్పు. నీలం ఫుడ్ కలర్ కలిపి గడ్డకట్టించిన ఐసుని, చిల్లులు పొడిచిన కప్పులో వేసి ఒక చివర వేలాడదీయండి. మామూలు నీటిలో నీలం చారలు కిందికి దిగి, అడుగున పాకుతూ రెండో చివరికి పోతాయి. అదే మునక. ఉప్పునీటిలో నీలం పైనే పొరలా నిలిచిపోతుంది. ఆ చల్లటి పొర ఐసు చుట్టూ ఉండిపోవడం వల్ల ఉప్పునీటిలో ఐసు నెమ్మదిగా కరుగుతుంది కూడా, పిల్లలు దీనికి ఎదురుగా పందెం కాస్తారు. నీళ్లు పోశాక పావుగంట కదపకుండా ఉంచాలి, పైన ఫ్యాన్ ఉండకూడదు. ఉప్పు పూర్తిగా కరగకుండా అడుగున మిగిలితే అక్కడ చిక్కటి పొర ఏర్పడి ఆట చెడుతుంది. నిజం సముద్రంలో తేడా 35 గ్రాములు కాదు, ఒకటో అరో అని పక్కన చిన్న చీటీ అంటించండి. లేకపోతే ప్రయోగం అబద్ధం చెప్పినట్టవుతుంది.

మొగ దగ్గర

వాట్సాప్ మ్యాపు తీసేయండి మేడమ్. ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు, సముద్రానికి 17.39 మీటర్ల పైన. 2100కి చెబుతున్నది మీటరు. గుంటూరు ఎత్తు ఇంకా ఎక్కువ, 30 మీటర్ల చుట్టుపక్కల. ధ్రువాల మంచంతా కరిగి 65 మీటర్లు లేస్తే రెండు ఊళ్లూ మునిగి ఇంద్రకీలాద్రి, కొండవీడు దీవులుగా మిగులుతాయి గానీ, ఆ లెక్క ఈ యుగానికి కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు వాగు కూడా సముద్రం వల్ల పొంగలేదు.

అసలు దెబ్బ దిగువన. అక్కడ ఎత్తు కంటే వాలు ముఖ్యం. కొల్లేరు అభయారణ్యం హద్దు +5 అడుగుల కాంటూరు, అంటే సముద్రానికి మీటరున్నర పైన. అక్కడి నీరు ఉప్పుటేరు మీదుగా సుమారు 60 కి.మీ. పోయి సముద్రంలో పడాలి. కిలోమీటరుకి రెండున్నర సెంటీమీటర్ల వాలు! సముద్రం 30 సెం.మీ. పెరిగితే ఆ వాలులో అయిదో వంతు పోయినట్టే. పశ్చిమ డెల్టాలో నల్లమడ, రేపల్లె డ్రెయిన్లకీ ఇదే కష్టం.

డ్రెయిన్ చివర స్లూయిస్ తలుపులు పాటు సమయంలో తెరుచుకుని, పోటు వచ్చినప్పుడు మూసుకుంటాయి. ఒక లెక్క వేద్దాం. పోటుకీ పాటుకీ మధ్య మీటరు తేడా, డ్రెయిన్‌లో నీరు సగటు సముద్ర మట్టానికి 30 సెం.మీ. పైన. ఒక పోటు–పాటు చక్రం 12 గంటల 25 నిమిషాలు. అందులో నీరు బయటికి పోయేది ఎనిమిదిముప్పావు గంటలు. సముద్రం 30 సెం.మీ. పెరిగితే అది ఆరుంపావు గంటలకి పడిపోతుంది. ఆ ఆరుంపావులోనూ ఎత్తు తేడా తక్కువ కాబట్టి పారే వేగం తక్కువ. నవంబరు తుఫానుకి వరి చేలో నీళ్లు మూడు రోజులు నిలిచేది అయిదు రోజులు నిలవడం, కోతకొచ్చిన పంట పనల మీదే మొలకెత్తడం, ఇదీ ధ్రువాల మంచు మన పొలంలోకి వచ్చే దారి. పైగా ఏటా అక్టోబరు–నవంబరుల్లో బంగాళాఖాతం మట్టం వేసవి మొదటి కంటే ఎటూ ఎక్కువే ఉంటుంది.

రెండోది ఊటనీరు. తీరపు ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రానికి ఒక మీటరు పైన మంచినీటి మట్టం ఉంటే కింద 40 మీటర్ల దాకా మంచినీరే. కాబట్టి ఆ తేడా 10 సెం.మీ. తగ్గితే ఉప్పు 4 మీటర్లు పైకొస్తుంది. సముద్రం పెరగడం వల్ల తగ్గినా, మోటారు పెట్టి తోడటం వల్ల తగ్గినా ఫలితం ఒకటే, రెండోది చాలా తొందరగా జరుగుతుంది. వరి నేల ఉప్పదనం మీటరుకి 3 డెసిసీమెన్స్ (ఉప్పదనాన్ని కరెంటు పారే తీరుతో కొలిచే కొలమానం) దాకా ఓర్చుకుంటుంది, ఆపైన ప్రతి ఒక్కదానికీ దిగుబడి 12 శాతం చొప్పున పడిపోతుంది. దాన్ని కొలిచే ఈసీ మీటరు చిన్నది కొని బాపట్ల, నిజాంపట్నం వైపు బోరు నీళ్లు సీసాల్లో తెప్పించి పిల్లలతో కొలిపించండి. మ్యాపు కంటే అది బాగా మాట్లాడుతుంది.

మూడోది, నేల కూడా దిగుతోంది. డెల్టా అంటే వదులు ఒండ్రు, తన బరువుకి తనే కుంగుతూ ఉంటుంది. ఏటా వరద తెచ్చే కొత్త ఒండ్రు ఆ కుంగుబాటుని పూడ్చేది. ఇప్పుడు శ్రీశైలం, సాగర్ ఆ మట్టిలో అధికభాగం ఆపేస్తున్నాయి. విశాఖ టైడ్ గేజ్ అంకెలు చూసి దివిసీమకి అంచనా కట్టొద్దు, విశాఖ రాతినేల మీద ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దాదాపు అయిదు మీటర్లు లేచింది. అలాంటిది మళ్లీ వస్తే అర మీటరు ఎత్తులో ఉన్న సముద్రం మీద, కుంగిన నేల మీద వస్తుంది.

బ్రాడీపేట సైన్స్

అందరికీ చాలా థాంక్స్. రాయి ప్రయోగం, నీలం ఐసు రెండూ ఖాయం. ఒక్క సందేహం మిగిలింది. మ్యాపు తీసేస్తే పిల్లలు ఊరుకోరు, ఉచితంగా దొరికే ఎత్తుల డేటాతో మేమే దివిసీమ మ్యాపు గీస్తే?

మొగ దగ్గర

గీయండి, కానీ ఎస్ఆర్‌టీఎం డేటాతో 30 సెం.మీ. మ్యాపు గీయడం కుదరదు. అది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన ఉచిత ఎత్తుల డేటా, ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి. పైగా రాడార్‌కి కనిపించేది కొబ్బరి తలలు, మేడ పైకప్పులు. తీరప్రాంతాల్లో సగటున రెండు మీటర్లు ఎక్కువ చూపిస్తుంది, అందుకే మునిగే చోటు పొడిగా కనిపిస్తుంది. ఇంకోవైపు సాఫ్ట్‌వేర్ "ఇంత ఎత్తు కంటే తక్కువ ఉన్నదంతా నీలం" అని పూసేస్తుంది. సముద్రానికి దారే లేని లోపలి పల్లాలు, కరకట్ట వెనక పొలాలు కూడా మునిగినట్టు వస్తాయి. రెండు తప్పులూ ఎదురెదురు దిశల్లో, ఏది ఎంతో విడదీయలేం.

మ్యాపు బదులు అడ్డుకోత బొమ్మ గీయించండి. ఎడమ చివర బ్యారేజీ 17.39 మీటర్లు, కుడి చివర హంసలదీవి దగ్గర సున్నా. నిలువు కొలత ఒక మీటరుకి 2 సెం.మీ. తీసుకుంటే బ్యారేజీ 35 సెం.మీ. ఎత్తు వస్తుంది, చార్టులో పడుతుంది. సముద్రం వైపు 2 సెం.మీ. వెడల్పు నీలం రిబ్బను 2100కి, 10 సెం.మీ. వెడల్పుది 1977 ఉప్పెనకి. రిబ్బన్లు రెండూ ఒకదాని మీద ఒకటి అంటించమనండి.

పిపెట్

ఒక చిన్న సవరణ, నా పోస్టులో రాయడం మర్చిపోయాను. ప్రయోగాలకి ప్యాకెట్ ఉప్పే వాడండి. కల్లుప్పు అయితే మట్టి, తేమ కలిసి ఉంటాయి, 35 గ్రాములు తూచినా ఉప్పు అంత ఉండదు, నీళ్లు కూడా మురికిగా మారి నీలం చారలు కనిపించవు. ఐసుకి రంగు వేసేముందు నీటిని కాచి చల్లార్చండి, గాలి బుడగలు తగ్గుతాయి.